అధికమాసంలో అవ్వ ఎవరి వంతు

కామారెడ్డికీ ఎల్లారెడ్డికీ మధ్య కన్ఫ్యూషియస్‌ను ఆమూలాగ్రంగా చదివిన మనిషిని నేనొక్కణ్ణే. ఈ మాట చాయ్ హోటల్లో చెప్పాను, పెళ్లిళ్లలో చెప్పాను, ఒకసారి పళ్ల డాక్టరు నా నోట్లో అద్దం పెట్టి ఉండగా కూడా చెప్పబోయాను. ఎవరూ కాదనలేదు. ఆయనెవరో తెలిసినవాళ్లు ఎదురుపడలేదు గనక నా పాండిత్యానికి ఇన్నాళ్లూ ఏ ఆపదా రాలేదు. ఆమూలాగ్రంగా అన్నది కూడా కొంచెం సవరించుకోవాలి. మొదలు చదివాను. చివర ఏముందో చూశాను. మధ్యలో నిద్ర పట్టిన చోట్లు చాలా ఉన్నాయి.

నేను ఎల్లారెడ్డిలో దస్తావేజులు రాసి బతికినవాణ్ణి. రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందర రేకుల షెడ్డులో కూర్చుని, అన్నదమ్ములు విడిపోతుంటే ఎవరికి ఏ గది, మురికినీళ్ల మోరి ఎవరి వైపు పారాలి, ఏ గోడ ఉమ్మడి అన్నది ఎవరూ తిరిగి తగాదా పడకుండా రాసేవాణ్ణి. నేను రాసిన కాగితం మీద కోర్టుకు పోయినవాడు లేడని గొప్పగా చెప్పుకుంటాను. పోయినవాళ్లున్నారు. వాళ్లు నాకు చెప్పకుండా పోయారు. ఆ పనంతా కంప్యూటర్లలోకి వెళ్లాక నేను ఇంట్లో కూలబడ్డాను. అల్లుడు కొత్త ఫోను కొనుక్కుని పాతది నా చేతిలో పెట్టాడు. ముసలివాళ్లకు ఇస్తే దేవుడి పాటలు పెట్టుకుంటారనుకున్నాడు పాపం.

అందులో ఏముందో వెతకడం నేర్చుకున్నాక నాకు మతి పోయింది. ఒకచోట పాత చైనా గ్రంథాలన్నీ పరిచి పెట్టారు. పైన చైనా అక్షరం, కింద ఇంగ్లీషు. అక్షరం మీద వేలు పెడితే దాని అర్థం చిన్న గడిలో పైకి లేస్తుంది. నేను పొద్దున్నే చాయ్ తాగుతూ వేలు పెడుతూ పోయేవాణ్ణి. తెలుగులోకి మార్చమని నొక్కితే మారుస్తుంది కూడా. కానీ ఉత్తముడు అని రావాల్సిన చోటల్లా ‘పురుషులు’ అని వచ్చేది, బస్టాండులో మరుగుదొడ్డి మీద రాసినట్టు. పురుషులు కోపగించరు, పురుషులు తల్లిదండ్రులను గౌరవిస్తారు. దాన్ని అట్లాగే చదువుకున్నాను.

బుద్ధుడి దగ్గర ఆ బాధ లేదు. ఆయన మాటలున్న చోట ఏ లిపి కావాలని అడుగుతుంది. తెలుగు నొక్కాను. పాళీ మొత్తం తెలుగు అక్షరాల్లో ప్రత్యక్షమైంది. అర్థం తెలియక్కరలేదు, గడగడా చదవొచ్చు. కొన్నాళ్లు అరుగు మీద కూర్చుని గొంతెత్తి చదివాను. దారిన పోయేవాళ్లు ఆగి దండం పెట్టారు. పెట్టలేదు. ఒకాయన ఆగి, ఇంట్లో ఎవరికైనా బాగాలేదా అని అడిగి పోయాడు.

ఇవి గాక విదేశాల విశ్వవిద్యాలయాల పాఠాలు ఉచితంగా ఉన్నాయి. ఒక గడ్డం ఆచార్యుడు నల్లబల్ల ముందు నిలబడి పిల్లల ధర్మం గురించి చెప్పేవాడు. తల్లిదండ్రులకు తిండి పెట్టడం గొప్ప కాదట, కుక్కకూ గుర్రానికీ పెడుతున్నాం కదా. ముఖం చిట్లించకుండా పెట్టడం గొప్పట. ఆ పాఠం నాకు ఎంత నచ్చిందంటే రెండోసారి కూడా పెట్టుకుని విన్నాను. పక్క గదిలోంచి మా అమ్మ, మేం అవ్వ అంటాం, పిలుస్తుంటే శబ్దం పెంచుకున్నాను.

మా అవ్వ సంగతి చెప్పాలి. నాకే డెబ్బై దాటాయి, ఆమె వయసు ఎంతని ఎవరికీ తెలియదు. చిన్నప్పటి నుంచి బీడీలు చుట్టిన చేతులు. ఇప్పుడు ఆకూ లేదు, తంబాకూ లేదు, అయినా కూర్చున్నచోట చీర కొంగును వేళ్ల మధ్య పెట్టి చుడుతూ ఉంటుంది. బాపు, అంటే మా నాన్న, పోయాక పెద్దమనుషులు కూర్చుని ఆమెను వంతులు వేశారు. ఒక నెల ఎల్లారెడ్డిలో నా దగ్గర, ఒక నెల కామారెడ్డిలో తమ్ముడి దగ్గర. తమ్ముడికి అక్కడ పిండి గిర్ని ఉంది, ఇల్లు గిర్ని మీదే. నెల అంటే ఇంగ్లీషు నెలా తెలుగు నెలా అని నేనే అడిగాను. వృత్తి అలవాటు. తెలుగు నెల అన్నారు. చైత్రం వాడిది, వైశాఖం నాది, జ్యేష్ఠం వాడిది, ఆషాఢం నాది, అట్లా పోతుంది. అమావాస్య దాటాక పాడ్యమి ప్రయాణం పనికిరాదు గనక విదియనాడు అవ్వ ఒక సంచీ, కర్రా పట్టుకుని బస్సెక్కేది. ఆ పెద్దమనుషులు మాట్లాడుతున్నంత సేపూ అవ్వ అక్కడే కూర్చుంది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. మోరిని అడుగుతామా ఎటు పారతావని?

ఒకరోజు ఆమె మంచం పక్కనే కుర్చీ వేసుకుని పాళీ చదువుతున్నాను.

“ఏందిరా అది? మంత్రమా?” అంది.

“బుద్ధుని మాటలవ్వా. తల్లిని ఒక భుజం మీద, తండ్రిని ఒక భుజం మీద ఎక్కించుకుని నూరేండ్లు మోసినా వాళ్ల రుణం తీరదంటుండు.”

“భుజం మీదికి వద్దు గని, బయటికి పోవాలె. చెయ్యి పట్టు.”

“ఒక్క నిమిషం ఆగు, ఈ పేజీ అయిపోతది.”

ఆమె ఆగలేదు. గోడ పట్టుకుని తానే పోయింది. నేను పేజీ పూర్తి చేశాను అని రాస్తే నా శ్రద్ధ తెలుస్తుంది. పూర్తి చేయలేదు. చార్జింగు అయిపోయింది.

ఆ ఏడు జ్యేష్ఠం రెండుసార్లు వచ్చింది. ముందు అధిక జ్యేష్ఠం, ఆ తర్వాత నిజ జ్యేష్ఠం. బాపు పోయాక వచ్చిన మొదటి అధికమాసం అదే. పెద్దమనుషులకు ఆ ఆలోచన రాలేదు. దస్తావేజుల్లో ఆరితేరిన నాకూ రాలేదు, అది నాకు ఇప్పటికీ నామోషీ. గోడకున్న క్యాలెండరులో చూసి బయటపెట్టింది నా భార్య.

“ఏమయ్యా, ఈసారి అధికమాసం పడ్డది. అల్లున్ని పిలువాలె.”

మా వైపు అదొక ఆనవాయితీ. మహారాష్ట్ర సరిహద్దున ఉన్న మద్నూరు పక్కన మరాఠీ ఇండ్ల నుంచి మాకు అంటుకుందంటారు. అధికమాసంలో అల్లుడు సాక్షాత్తూ విష్ణుమూర్తి. పిలిచి, కాళ్లు కడిగి, కొత్త బట్టలు పెట్టి, ముప్పైమూడు అరిసెలు పళ్లెంలో పేర్చి ఇవ్వాలి. బిడ్డా అల్లుడూ వస్తే పడుకోవడానికి ఒక గది కావాలి. మా ఇంట్లో ఉన్న రెండో గది అవ్వది.

“అత్త అప్పటికి కామారెడ్డి పోతది గద?” అంది నా భార్య.

“పోక? జ్యేష్ఠం వానిదే. అధికమైనా నిజమైనా పేరు జ్యేష్ఠమే గద. రెండూ వానియే.”

ఈ తీర్పు చెప్పి నేను కాళ్లు చాపుకున్నాను. వైశాఖం చివరలో తమ్ముడి దగ్గర నుంచి ఫోను వచ్చింది. వాడు గిర్ని శబ్దంలో బతికినవాడు, గుసగుస కూడా కేకలాగే ఉంటుంది.

“అన్నా, అవ్వను ఈ నెల నీ తాననే ఉండనీ. నిజ జ్యేష్ఠం వొచ్చినంక నేనే వొచ్చి తోలుకపోత.”

“గదేందిరా? వైశాఖంతోని నాది ఒడిసింది.”

“అధికమాసం లెక్కల రాదే. పెండ్లి చేస్తమా? ఇల్లు మొదలు పెడతమా? లేని నెల అది. లేని నెలల మనిషి ఎక్కడున్నది అక్కడనే ఉంటది.”

“లేని నెలల తిండి తినదా మరి?”

“నువ్వే చెప్పు. మా అల్లుడు వస్తుండు అన్నా. మొదటి అధికం. ఆయనకు గది ఇయ్యకుంటే నా బిడ్డ నా ముఖం చూడదు.”

“నాకు లేడారా అల్లుడు?”

“నీ అల్లుడు పాతోడైండు గదనే!”

నా భార్య వంటింట్లోంచి అంతా విన్నది. “అధికమాసంల అల్లుండ్లను పిలుస్తరు, తల్లులను తరుముతరు. మంచిగనే ఉన్నది మీ అన్నదమ్ముల ధర్మం” అంది. ఆ మాట అని, మళ్లీ అరిసెల పిండికి బియ్యం ఎన్ని నానబోయాలో లెక్క వేసుకుంది. ధర్మం వేరు, గది వేరు.

తమ్ముణ్ణి మాటలతో గెలవలేనని నాకు తెలుసు. శాస్త్రంతో కొట్టాలనుకున్నాను. మన పంచాంగకర్తను అడగొచ్చు, కానీ ఆయన ఉండేది కామారెడ్డిలో, పిండి పట్టించుకునేది తమ్ముడి గిర్నిలో. పైగా చైనావాళ్లకు కూడా మనలాగే చంద్రుడి నెలలున్నాయనీ, వాళ్లకూ అధికమాసం వస్తుందనీ అప్పటికే చదివి ఉన్నాను. కన్నవాళ్ల పట్ల మర్యాద గురించి అంత రాసుకున్న జాతి ఇది మాత్రం వదిలిపెట్టి ఉంటుందా? ఫోనులో ఒక చర్చావేదిక ఉంది. బౌద్ధమూ కన్ఫ్యూషియస్ మతమూ చదివేవాళ్లు దేశదేశాల నుంచి అక్కడ ప్రశ్నలు వేసుకుంటారు. నేను అందులో ప్రముఖుణ్ణి. అంటే సభ్యుణ్ణి. అప్పటిదాకా ఒక్క ముక్క రాసినవాణ్ణి కాదు, ఇతరులు రాసినవాటి మీద బొటనవేలు బొమ్మ పెట్టి వచ్చేవాణ్ణి.

నా దస్తావేజు ఇంగ్లీషులో ఒక ప్రశ్న రాశాను. మాతృమూర్తి విషయమై నెలలు లెక్కించునప్పుడు అధికమాసమును లెక్కలోకి తీసుకొనవలెనా, వలదా, పూర్వాచార్యుల అభిప్రాయమేమి? అంతే. పొట్టిగా, గంభీరంగా ఉందని నన్ను నేనే మెచ్చుకున్నాను.

మర్నాటికి జవాబు వచ్చింది. రాసినాయన ఎక్కడో దూరదేశంలో ఇదే చదువు చెప్పి రిటైరైన మనిషి. చాలా ఓపికగా రాశాడు. ఇది ఎంతో పాత ప్రశ్న అన్నాడు. తల్లో తండ్రో పోయినప్పుడు కొడుకు దుఃఖం పాటించే కాలంలో అధికమాసం పడితే దాన్ని ఏం చేయాలని వాళ్ల పండితులు తరతరాలు వాదించుకున్నారట. ఏడాది లెక్కన పాటించేదైతే అధికమాసం విడిగా లెక్కకు రాదు, అందులో కలిసిపోతుంది. నెలల లెక్కన పాటించేదైతే దాన్ని విడి నెలగానే లెక్కపెట్టాలి. ఇట్లా రెండు పక్షాలూ వివరించి, చివర ఇట్లా ముగించాడు: మీ తల్లిగారి మరణానికి నా హృదయపూర్వక సానుభూతి.

దాని కింద ఇంకొకావిడ రాసింది. ఆ కింద ఇంకెవరో. చేతులు జోడించిన బొమ్మలు, తామరపూలు. బౌద్ధులు కొందరు ఆమె మంచి గతి పొందాలని ప్రార్థిస్తామన్నారు.

అప్పుడు అవ్వ గుమ్మంలో కూర్చుని, పళ్లు లేవు గనక, జొన్నరొట్టెను పాలల్లో నానేసుకుంటోంది.

అమ్మ బతికే ఉందని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. రాయబోయాను కూడా. కానీ అది రాస్తే రెండో ప్రశ్న వస్తుంది. మరి ఈ నెలల లెక్క దేనికయ్యా అంటారు. బతికున్న తల్లి ఆ నెల ఎవరింట్లో ఉండకూడదో తేల్చుకోవడానికి అని రాయాలి. అంత పెద్ద గ్రంథాల్లో నాకు దొరికిన తగాదా అంతా చచ్చిన తల్లి కోసం ఎన్నాళ్లు ఏడవాలన్నదే. బతికున్న తల్లి నెలను తప్పించుకోవడం ఎట్లా అని పూర్వాచార్యుల్లో ఒక్కడూ అడిగినట్టు లేదు. ఆ గౌరవం నాది, మా తమ్ముడిది. అందుకని అందరికీ కృతజ్ఞతలు అని రాసి ఊరుకున్నాను.

మా వంతులు నెలల లెక్క. కాబట్టి ఆయన చెప్పిన రెండో మాటే మాకు వర్తిస్తుంది, ఆ లెక్కన అధికమాసం ఏ పేరు కిందికీ రాని విడి నెల, అది ఎవరిదో మళ్లీ పెద్దమనుషులే చెప్పాలి. ఇది నాకు చదవగానే అర్థమైంది. అందుకే మొదటి మాట ఒక్కటే తెలుగులో రాసి తమ్ముడికి పంపాను. అధికమాసం విడిగా లెక్కకు రాదు, తన పేరుగల నెలలో కలిసిపోతుంది, చైనా శాస్త్రం. పేరుగల నెల అన్నది నా చేర్పు. అక్కడితో ఆగితే గెలిచేవాణ్ణే. కానీ ఎన్నో ఏండ్లు దస్తావేజులు రాసిన చేయి, ఆధారం జతపరచకుండా కాగితం పంపలేదు. ఆ చర్చావేదిక లింకు కూడా కింద పెట్టాను.

తమ్ముడు ఆ లింకు నొక్కాడు. వాళ్ల బిడ్డ దాన్ని తెలుగులోకి మార్చి, ఫోను చేతనే పైకి చదివించిందట. గిర్ని దగ్గర పిండి కోసం నిలబడ్డవాళ్లంతా విన్నారట.

సాయంత్రం ఫోను వచ్చింది. నాకు చెవి మందం, స్పీకరు పెట్టుకునే మాట్లాడతాను. అవ్వ నా పక్కనే మంచం మీద ఉంది.

“అన్నా! అవ్వ సచ్చిపోయిందని ఎవలెవలికో రాసినవా?”

నేను స్పీకరు తీసేయబోయాను. ఎక్కడ నొక్కాలో దొరకలేదు.

“ఒక్క నెల ఉంచుకోమంటే ఇంత పని చేస్తవానే? గిర్నిల అందరు నన్ను పరామర్శ చేస్తున్నరు! ఒకామె ఏడ్సింది గూడ!”

“నేను రాయలేదురా. వాళ్లే అట్ల అనుకున్నరు.”

“కాదని చెప్పినవా మరి?”

మళ్లీ స్పీకరు బొత్తాం కోసం వెతికాను. అవ్వ నా వైపు తిరిగింది. కోపంగా ఉంటుందనుకున్నాను. వేళ్ల మధ్య కొంగు చుట్టుకుంటూనే ఉంది.

“ఎందరు ఏడ్సిన్రు కొడుకా?”

“ఓ ఐదారుగురు రాసిన్రవ్వా.”

“మనోళ్లేనా?”

“కాదు. అంతా పరాయి దేశపోళ్లు.”

“మంచిగైంది. మనోళ్లల్ల గంతమంది దొరుకుతరో లేదో.” ఫోను వైపు వంగి, “చిన్నోడా, నీకు గూడ చెప్తున్న, సచ్చినదానికి గది ఎందుకురా? మీ అల్లుండ్లను పిలుచుకోండి” అంది.

తమ్ముడు, సరే, విదియనాడు బస్టాండుకు తీసుకురా, అక్కడ చూద్దాం అని పెట్టేశాడు. అక్కడ చూద్దాం అంటే ఒప్పుకున్నట్టే అని నేను నా భార్యకు అనువదించాను. ఆమె మర్నాడే బియ్యం నానబోసింది.

విదియనాడు పొద్దున అవ్వను కామారెడ్డి బస్సు ఎక్కించాను. ఎండ అప్పటికే మండుతోంది. దారి పొడుగునా ఆమె కిటికీలోంచి చూస్తూనే ఉంది. బస్టాండులో తమ్ముడు ఒంటి నిండా పిండితో నిలబడి ఉన్నాడు. అవ్వను బెంచీ మీద కూర్చోబెట్టి మేమిద్దరం స్తంభం పక్కకు పోయాం.

నేను అద్భుతంగా వాదించాను. చైనా నుంచి మొదలుపెట్టి పంచాంగం దాకా వచ్చాను. బుద్ధుణ్ణి మధ్యలో దింపాను. నిజానికి అంతా కలిపి నేను అన్నది, “జ్యేష్ఠం నీది, తోలుకపో” అని. వాడు అన్నది, “తోలుకపోను, తెచ్చినోడివి నువ్వే తీసుకపో” అని. ఇవే రెండు ముక్కల్ని ఒకరి తరువాత ఒకరం అనుకుంటూ పోయాం. మధ్యలో వాడు నా పాత తప్పులన్నీ తవ్వాడు, నేను వాడివి తవ్వాను. చుట్టూ జనం చేరి, కాసేపు చూసి, బస్సులొస్తే పోయారు.

తిరిగి చూస్తే బెంచీ మీద అవ్వ లేదు. సంచీ లేదు, కర్రా లేదు.

మూత్రానికి పోయిందనుకున్నాం. తమ్ముడు అటు పరుగెత్తాడు, నేను నీళ్ల దగ్గరికి పోయాను. బెంచీ చివర టమాటల గంపతో కూర్చున్న ఒకామె మమ్మల్ని చూసి మూతి తిప్పింది.

“మీ అవ్వనా? రామారెడ్డి బస్సు ఎక్కింది. నేనే చెయ్యి పట్టి ఎక్కించిన.”

“మమ్ముల పిలువకపోతివి?” అన్నాను.

“వద్దన్నది. వాళ్లు పనిల ఉన్నరు, పిలువకు అన్నది.”

ఆడవాళ్లకు బస్సులో టికెట్టు పైసలు లేవు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. ఆమె కొంగున ఎప్పుడూ అది ముడేసి ఉండేది. అన్ని నెలలూ మేమే ఎక్కిస్తే ఎక్కి, మేమే దింపితే దిగిన మనిషి, ఆ కార్డుతో తనంతట తాను కూడా ఎక్కవచ్చన్న సంగతి మా ఇద్దరికీ ఎన్నడూ తట్టలేదు.

రామారెడ్డి అవ్వ పుట్టిల్లు. మా మేనమామ పోయి చాలాకాలమైంది. అత్త ఒక్కతే ఉంటుంది, ఇప్పటికీ బీడీలు చేస్తుంది. వాళ్ల పక్కింటికి ఫోను చేస్తే అత్త వచ్చి మాట్లాడింది. వచ్చింది, అన్నం తిన్నది, పండుకున్నది అని మూడు ముక్కలు చెప్పి, మాకు ఇంకేమీ అడిగే సందు లేకుండా పెట్టేసింది.

మేం వెంటనే రామారెడ్డికి పరుగెత్తామని రాయాలని ఉంది. తమ్ముడు నా ముఖం చూశాడు, నేను వాడి ముఖం చూశాను.

“ఒక నెల ఉంటే ఏమైతది అన్నా? పుట్టిల్లే గద” అన్నాడు.

“అంతే మరి. ఆమెకు గూడ మనసు మళ్లుతది” అన్నాను.

ఇద్దరం హోటల్లో చాయ్ తాగి ఎవరి దారిన వాళ్లం వచ్చాం.

ఆ నెల మా అల్లుడు వచ్చాడు. కాళ్లు కడిగాను. అరిసెలు కుదిరాయి. అవ్వ గదిలో ఆమె వాసన పోవాలని నా భార్య ఫినాయిలు పోసి తుడిచింది. అల్లుడు నా చదువు సంగతి విని ఆశ్చర్యపోయాడు. అప్పుడే నాకొక అంతర్జాతీయ సదస్సులో ప్రసంగించే పిలుపు కూడా వచ్చింది. సదస్సు అంటే ఆ చర్చావేదికవాళ్లు ఫోనులో పెట్టుకునే కూడిక. తెర మీద ఆరేడు గడులు, వాటిలో సగం చీకటి. నా ప్రశ్న వాళ్లకు నచ్చిందట, భారతదేశంలో తల్లి పట్ల కొడుకు ధర్మం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆ మధ్యాహ్నం ఇస్త్రీ చొక్కా వేసుకుని అవ్వ గదిలో కూర్చున్నాను, అక్కడైతే వెలుతురు బాగుంటుందని. చెప్పాను. మా దగ్గర తల్లి మొదటి దైవమన్నాను. బీడీలు చుట్టి నన్ను చదివించిందన్నాను, అది నిజం. ఆమె చేతులు ఎప్పుడూ ఆగేవి కావన్నాను, అదీ నిజమే. ఆ మాటే మళ్లీ ఒకసారి అన్నాను. నటించలేదు. ఎందుకన్నానో నాకే తెలియలేదు.

నాకు జవాబు రాసిన ఆ పెద్దాయన తెల్లటి వెంట్రుకలతో ఒక గడిలో కనిపించాడు. ఆమె కోసం కాసేపు మౌనంగా ఉందామన్నాడు. అందరూ తలలు వంచారు. దూరదేశాల్లో, ఎవరి గదుల్లో వాళ్లు, నా తల్లి కోసం కళ్లు మూసుకున్నారు. అప్పుడైనా చెప్పొచ్చు. అయ్యా, ఆమె ఇక్కడికి రెండు బస్సుల దూరంలో ఉంది, బతికే ఉంది అని. నేను కూడా తల వంచాను. ఆ నిశ్శబ్దంలో వంటింట్లోంచి అల్లుడి కోసం నూనెలో ఏదో వేగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

నిజ జ్యేష్ఠం వచ్చింది. అందులో ఎవరికీ సందేహం లేదు, తమ్ముడి వంతు. వాడు రామారెడ్డి పోయి ఉత్తచేతులతో వచ్చాడు. రానన్నదట. వాడికి బతిమాలడం రాదు, నేనైతే తెచ్చేవాణ్ణి అని ఊరంతా చెప్పాను. ఆషాఢం రాగానే నా పరీక్ష వచ్చింది.

పోయేసరికి సన్నగా వాన పడుతోంది. అత్త ఇంటి ముందు గదిలో ఇద్దరు ముసలివాళ్లూ ఎదురెదురుగా కూర్చున్నారు. అత్త తడిపిన తునికాకు కత్తిరిస్తోంది. అవ్వ చేతిలో ఇప్పుడు కొంగు లేదు, నిజంగా ఆకే ఉంది. చూపు ఆనదు గనక మెల్లగా చుడుతోంది. వంకర వచ్చినవాటిని అత్త విప్పి మళ్లీ చుడుతోంది. ఇద్దరూ దేనికో నవ్వుకుంటున్నారు. నన్ను చూసి నవ్వు ఆపారు.

“వదినా, చుట్టం వచ్చిండు. చాయ్ పెడుతవా?” అంది అవ్వ.

“నేను చుట్టమా అవ్వా?”

“మరి ఏమైతవ్? కూసో.”

కూర్చున్నాను. వానలు, నాట్లు, నా మోకాళ్ల నొప్పులు మాట్లాడుకున్నాం. చాయ్ తాగాక అసలు సంగతి ఎత్తాను. “పోదాం పా అవ్వా. ఆషాఢం వచ్చింది. నా నెల.”

“ఆషాఢంల ఆడిబిడ్డలు పుట్టింట్లనే ఉంటరు కొడుకా. అత్తింటికి తోలరు.”

అత్త కిసుక్కుమంది. కొత్తకోడళ్ల ఆనవాయితీ అది, ఈమెకు పెళ్లయి ఎన్ని ఆషాఢాలో! నేనూ నవ్వాను. నవ్వితే ఒప్పుకుంటుందనుకున్నాను.

“అది కొత్త కోడండ్లకవ్వా. పా, సంచి యాడున్నది?”

ఆమె నవ్వలేదు. చేతిలోని బీడీకి దారం చుట్టి, కొన పంటితో తెంపబోయి, పళ్లు లేవని గుర్తొచ్చి అత్తకు ఇచ్చింది.

“నేను రానురా. మీరు తిట్టలేదు, కొట్టలేదు, అన్నం పెట్టిన్రు. అబద్ధం ఎందుకు చెప్పాలె? కని మీ తాన ఉన్నన్ని దినాలు నాకు అమాస ఎప్పుడొస్తదో, ఎప్పుడు లేవాలెనో అదే ఉండేది. ఈమె అమాస అడుగది.”

“మా పరువు ఏంగాను అవ్వా? ఇద్దరు కొడుకులుండి...”

“వాన పెద్దగయ్యేటట్టున్నది. బస్సు పోతది, లేవు.”

అత్త లేచి నాకు గొడుగు ఇవ్వబోయింది. మళ్లీ తెచ్చివ్వడానికి రావాల్సి వస్తుందని వద్దన్నాను. కాదు, అది మర్యాద కోసం వద్దన్నానని రాసుకోవచ్చు, కానీ మొదటిదే నిజం. అవ్వ గుమ్మం దాకా రాలేదు.

బస్సులో కూర్చోగానే గుండె పగిలిపోయిందని రాస్తే ఈ కథ నాకు కొంచెం గౌరవంగా ముగుస్తుంది. నాకు కలిగింది అది కాదు. ఒంట్లో ఏదో బిగువు సడలినట్టయింది. రెండో గది ఇక నాదే, పుస్తకాలు పెట్టుకోవచ్చు, పాఠాలు గట్టిగా పెట్టుకోవచ్చు అన్న లెక్క కామారెడ్డి చేరకముందే మనసులో తయారైంది. దుఃఖం తర్వాత వచ్చింది. వచ్చి ఇప్పటికీ పోలేదు, కానీ అది రెండోదిగా వచ్చింది.

కామారెడ్డి బస్టాండులో దిగి తమ్ముడికి ఫోను చేశాను.

“రాలేదురా.”

“నీతోని గూడ రాలేదా?” అన్నాడు. గిర్ని ఆగి ఉన్నట్టుంది, వాడి గొంతు ఎన్నడూ లేనంత మెత్తగా వినిపించింది. “అట్లెట్లనే? శ్రావణంల నేను మళ్ల పోత అన్నా. శ్రావణం నాదే గద.”

“నీదే. భాద్రపదం నాది, నేను పోత.”

“భాద్రపదం గూడ నేనే ఉంచుకుంట తియ్. నీకు మోకాళ్లు బాగలెవ్వు.”

“వద్దురా, నీకు గిర్ని చప్పుడు. ఆమెకు నిద్ర పట్టది. నా తాననే ఉండనీ, ఏడాది పొడుగూత.”

“పెద్దోడివి, నువ్వు చెప్తే కాదంటనా? కని నా దినాలు నాకు గావాలె. అమ్మ గద.”

అట్లా చాలాసేపు ఆమెను ఒకరికొకరం ఇచ్చుకోకుండా పట్టుకున్నాం. మేమిద్దరం అంత ప్రేమగా మాట్లాడుకుని ఎన్నో ఏండ్లయింది.